మొన్నటి మెరూన్

పోయినవాళ్లకు ఫోన్ చేయకూడదని మా ఆఫీసులో రూలేమీ లేదు. ఎవరూ చేయరు కాబట్టి అలాంటి రూలు అవసరం పడలేదు. మొన్న సోమవారం నేను చేశాను. మతి పోయి కాదు. ఆయన చనిపోయిన తేదీ ఫారంలో రాసింది నేనే, కింద సంతకం కూడా నాదే. అయినా ఏటా వానలు పట్టే వారంలో ఆయనకు ఫోన్ చేయడం అలవాటు. ఆ వారం వచ్చింది, నంబరు నోటికొచ్చు, చేశాను. రింగయింది. ఎవరెత్తారో, ఏమన్నారో తర్వాత చెబుతాను. ముందు ఆయన గురించి చెప్పుకోనివ్వండి. చెప్పుకోవడానికి ఈ సూరత్‌లో నాకు ఇంకెవరూ లేరు.

నేను పనిచేసేది ఒక ఆస్పత్రిలో, క్యాన్సర్ రోగుల వివరాలు రాసిపెట్టే విభాగంలో. మందులిచ్చే పని కాదు, సూదులేసే పని కాదు. మా దగ్గర పేరు రాయించుకున్న ప్రతి మనిషికీ ఏడాదికోసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడగడం. మర్యాదకు అలా అడుగుతాను గానీ, నాకు కావలసింది ఉన్నారా లేరా అన్న ఒక్క ముక్కే. ఆ ముక్కలన్నీ పోగేసి పెద్ద డాక్టరుగారు గీతలు గీస్తారు. ఏ క్యాన్సర్ పెరుగుతోంది, ఏది తగ్గుతోంది, వచ్చినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతున్నారు, అని.

ఈ ఫోన్ ఎవరికి ఇష్టముంటుంది చెప్పండి? జబ్బు మరిచిపోయి హాయిగా ఉన్నవాళ్లకు గుర్తు చేసినదాన్నవుతాను. మనిషి పోయిన ఇంటికి చేస్తే, ఎలా ఉన్నారని అడిగినందుకు అవతల ఏడుపు మొదలవుతుంది. గుజరాతీలో, హిందీలో, మరాఠీలో నేను తినని తిట్టు లేదు.

ఆయన ఒక్కడే నా ఫోన్ కోసం ఎదురుచూసేవాడు. హలో అనేవాడు కాదు. ఒక్క రింగుకే ఎత్తి, "ఉన్న" అనేవాడు. "ఉన్న చెల్లె, రాస్కో." నేను అడగబోయే ప్రశ్నకు నేను అడగకముందే జవాబు. ఆ తర్వాతే మిగతా కబుర్లు.

మొదటిసారి చూసింది మా గదిలోనే. దుర్బీన్ అయి, ఇంటికి పోయే ముందు ఫారం నింపించుకోవడానికి వచ్చాడు. మూత్రాశయంలోకి సన్నటి గొట్టం పంపి, లోపల చూసి, గడ్డను గీకి తీసే ఆపరేషన్‌ను ఇక్కడ అందరూ దుర్బీన్ అనే అంటారు. అరవైకి దగ్గరపడిన మనిషి. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల సంచి. నేను హిందీలో పేరూ, వయసూ, ఊరూ అడుగుతూ రాస్తున్నాను. మధ్యలో పెన్ను మొరాయించింది. "దీని దుంపతెగ, ఇప్పుడే చావాలా?" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "పెన్ను సంగతే గద మేడం?" అన్నాడు తెలుగులో.

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆయనది సిరిసిల్ల పక్క పల్లె అట. మగ్గాల పని కోసం కుర్రతనంలో సూరత్ వచ్చి, మగ్గం వదిలి బట్టలకు రంగులేసే మిల్లులో చేరి, ఇరవై ఎనిమిదేళ్లు అందులోనే ఉన్నాడు. నాది తెనాలి అనీ, మా ఆయన బ్యాంకు బదిలీ మీద ఇక్కడికి వచ్చామనీ చెప్పాను. మా ఆయన పోయిన సంగతి చెప్పలేదు. అప్పటినుంచి మేడం పోయి చెల్లె వచ్చింది. నేను "అన్నయ్యగారూ" అంటే మాత్రం ఒప్పుకోలేదు. "గారు గీరు వద్దు చెల్లె, గదింటే ఎవలనో పిలిచినట్టు ఎనక్కి చూడబుద్ధయితది" అన్నాడు. మిల్లులో అందరూ మాస్టర్ అంటారని తెలిసి నేనూ మాస్టారూ అనే అన్నాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు. "ఏమనుకోవద్దు. చీరది ఒక లాట్, జాకెటుది ఒక లాట్. దుకాణపోడు మిమ్మల్ని ముంచిండు."

ఒకసారి కలిపిన రంగునీళ్లలో ముంచి తీసిన బట్టంతా ఒక లాట్ అట. మళ్లీ కలిపితే ఎంత జాగ్రత్తగా తూచినా వెంట్రుకవాసి తేడా వస్తుందట. నాకు ఒళ్లు మండింది. పరాయి ఆడదాని జాకెట్టు మీద వ్యాఖ్యానమేమిటి? ఇంటికి వెళ్లి బాల్కనీ వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. ఆరేళ్లుగా కడుతున్న చీర.

ఆయన పని రంగులు తూచి కలిపే గదిలో. దాన్ని మిల్లుల్లో కలర్ కిచెన్ అంటారు. "నేను గూడ వంటోన్నే చెల్లె. మీరు ఉప్పుకారం ఏస్తరు, నేను బులుగు, పసుపు ఏస్త. రుచి చూసుడొక్కటే తక్కువ" అనేవాడు. తర్వాత తనే, "అదీ చూసినమనుకో, ముక్కుల నుంచి" అనేవాడు. పొడి రంగు డబ్బాలోంచి చెంచాతో తీసేటప్పుడు గాలిలోకి లేస్తుంది. మూతికి కట్టుకున్న రుమాలు సాయంత్రానికి ఆ రోజు లాట్ రంగుకి తిరుగుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆ పని చేసిన మనిషి గనకే, మానేశాక ఒంటి మీద రంగన్నది పడనివ్వలేదు. దుప్పటి తెలుపు, తువ్వాలు తెలుపు. గోళ్ల అంచుల్లో మాత్రం నల్లటి నీలం మిగిలిపోయింది. ఎంత రుద్దినా పోలేదట. "పక్కా రంగు" అని వేళ్లు చూపించి నవ్వేవాడు.

ఫారంలో "వృత్తి" అన్నచోట నేనేం రాశానో కూడా చెప్పాలి. మా జాబితాలో కలర్ కిచెన్ అన్న మాట లేదు. వెతికే ఓపిక లేక "ఇతర కూలి" అని పెట్టేశాను. రోజుకు ముప్ఫై మందికి అలాగే పెట్టేదాన్ని. ఎవరూ అడగలేదు.

పరీక్షకు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడు మా గది గుమ్మంలో నిలబడి తల ఊపి వెళ్లిపోయేవాడు. రమ్మన్నా లోపలికి రాడు. "మీ పని మీరు చేస్కోండ్రి. మన ముచ్చట ఫోన్లనే" అనేవాడు. ఏడాదికి ఒక్క ఫోన్. దానికి ఆయన స్నానం చేసి, చొక్కా మార్చుకుని కూర్చునేవాడట. మిల్లుల పక్కనున్న వడోద్‌లో ఒక గది. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. గదిలో ఇంకొకడు ఉంటాడు గానీ అతను రంగుల మిల్లుకు పోయేవేళకు ఈయన పడుకుని ఉంటాడు, అతను వచ్చేవేళకు ఈయన బయట తిరుగుతుంటాడు. "ఒకే మంచం మీద పంటం గాని ఒగల ముఖం ఒగలకు సరిగ తెల్వదు" అన్నాడొకసారి.

ఏం వండావు చెల్లె, అని అడిగేవాడు. గోంగూర అంటే, పుల్లగుందా, ఎర్ర గోంగూరా తెల్ల గోంగూరా అనేవాడు. అరగంటయ్యేది. మా పై ఆఫీసరమ్మ అద్దంలోంచి గుర్రుగా చూసేది. చూస్తే చూడనీ అనుకునేదాన్ని. మా ఆయన పోయాక నా ఇంట్లో తెలుగు వినబడేది టీవీలోనే. నేను నోరారా తెలుగు మాట్లాడేది ఏడాదిలో ఆ అరగంటే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక తర్వాతి నంబరు నొక్కబుద్ధి అయ్యేది కాదు, కాసేపు ఊరికే కూర్చునేదాన్ని.

రెండో ఏడు ఒక్కసారి లోపలికి వచ్చాడు. గోడ మీద కొత్తగా పెట్టిన పటం చూసి ఆగలేకపోయాడు. రంగు గీతలు కదా మరి.

"గిదేంది చెల్లె, ఈ ఎర్ర గీత?"

"మూత్రాశయం క్యాన్సర్. మగవాళ్లలో ఏటికేడాది కొంచెం కొంచెంగా పెరుగుతోంది."

"పెరగదా మరి. ఎప్పుడో ఇరవై ఏండ్ల కింద పీల్చిన రంగు గద ఇయాల తేలేది. ఇప్పుడు డబ్బాల మీద బొమ్మలు మారినయ్, మంచి రంగులంటున్నరు. గాని మా ఒంట్ల ఉన్నది పాతదే."

"ఏ ఒక్కరికీ ఇందువల్లే వచ్చిందని చెప్పలేమంటారు డాక్టరుగారు. బీడీలూ కారణమే."

"బీడీ నేను గూడ తాగిన. అబద్ధమెందుకు? రెండూ రాయండ్రి." వేలు కొంచెం పక్కకు జరిపాడు. "ఈ పచ్చది?"

"జబ్బు వచ్చినవాళ్లలో అయిదేళ్లయ్యాక ఎంతమంది ఉన్నారన్నది. అదీ పైకే పోతోంది చూడండి. తొందరగా కనిపెడుతున్నారు, మందులు బాగుపడ్డాయి." ఆ మందులేవో నేనే నూరి పోసినట్టు గొప్పగా చెప్పాను.

ఆయన పచ్చ గీతను దగ్గరగా చూశాడు. షేడ్ సరిపోయిందా లేదా అని చూసే చూపు అది. "ఎవలున్నరో, ఎవలు లేరో మీకెట్ల తెలుస్తది?"

"నేను ఫోన్ చేస్తాను కదా."

"ఎత్తకపోతే?"

"మూడుసార్లు చూస్తాం. అప్పటికీ ఎత్తకపోతే ఆచూకీ లేదని రాస్తాం. మనకు చివరిసారి కనబడిన రోజు దాకా బతికి ఉన్నట్టే. ఆ తర్వాత లెక్కలోంచి తీసేస్తాం."

ఆయన ఒక పేరు చెప్పి చూడమన్నాడు. చూశాను. మా దగ్గరే పేరు రాయించుకున్న మనిషి. వృత్తి: ఇతర కూలి. మూత్రాశయం తీసేయాలని డాక్టర్లు చెబితే, వద్దని వెళ్లిపోయాడు. మూడు ఫోన్లు, జవాబు లేదు. ఆచూకీ లేదు. చివరిసారి చూసిన రోజుకు బతికే ఉన్నాడు.

"సచ్చి రెండేండ్లాయె" అన్నాడు. "పాడె నేనే మోసిన. నా దోస్తు. నేను రంగు కలిపితే వాడు మిషన్ల పోసేటోడు. పానం బాగలేకుంటే ఈడ ఎవలుంటరు చెల్లె, అందరం ఊరికే పోతం. ఊళ్లె సచ్చినోళ్లంత మీ కాడ బతికున్నట్టేనా? మావోడు సచ్చి మీ పచ్చ గీతను పైకి లేపిండు."

పటం కొత్తదే గానీ, ఆ గీతను నేను ఏళ్లుగా చూస్తున్నాను. దాని కోసం ఫోన్లు చేస్తున్నాను. ఆ ముక్క నాకు తట్టలేదు.

"రాయి చెల్లె. సచ్చిండని రాయి. రంగుల పని చేసిండని రాయి."

"మీరు చెబితే రాయడానికి లేదు మాస్టారూ. ఇంటివాళ్లు చెప్పాలి, లేకపోతే కాగితం చూపించాలి."

"నేను ఇంటోన్ని గానా?"

"కాదు" అన్నాను. రూలు ప్రకారం అది సరైన జవాబే. అన్న తీరు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన వెళ్లిపోలేదు. నిలబడే, గోడ వైపు తిరిగి చెప్పాడు. రంగుల మిల్లులో పనిచేసేవాళ్లకు చెమట రంగుగా వస్తుంది, ఉమ్మి రంగుగా వస్తుంది. మూత్రమూ అంతే. వాళ్ల మాటలో ఒంటేలు. పసుపు లాట్ నడిస్తే పసుపు, బులుగు నడిస్తే ఆకుపచ్చ. దాని మీద జోకులు వేసుకునేవాళ్లు. ఎర్రగా వచ్చినా ఎవరూ హడలిపోరు. ఎర్ర లాట్ నడుస్తోందనుకుంటారు.

"ఒకరోజు వాడొచ్చి, మాస్టర్, ఎర్రగ వస్తుందే అన్నడు. నవ్విన. మెరూన్ లాట్ గద అన్న. వాడు తెలివిగల్లోడు చెల్లె. లేదే, నాలుగు దినాల సంది నేవీ బ్లూ నడుస్తుంది గద, ఎర్రగ ఎందుకొస్తది అన్నడు. వానికి అనుమానం వచ్చింది. నాకు రాలే. మొన్నటి మెరూన్ రా, కడుపుల ఇంకింది, మెల్లగ దిగుతది, మజ్జిగ తాగు అన్న. మాస్టర్ చెప్పిండు గద అని వాడు ఊకున్నడు. ఏడు నెలలు మజ్జిగ తాగిండు."

ఆయనకు వచ్చింది తర్వాతి ఏడాది దీపావళికి. సూరత్‌లో దీపావళికి మిల్లులన్నీ మూతపడతాయి. పద్దెనిమిది రోజులు ఆయన రంగు డబ్బా ముట్టలేదు. అయినా ఎర్రగా వచ్చింది. ఈసారి మీద నెట్టడానికి ఏ లాటూ లేదు. మర్నాడే ఆస్పత్రికి వచ్చాడు. తొందరగా వచ్చాడు కాబట్టే చిన్న గడ్డగా దొరికింది. "వాడు సచ్చి నన్ను బతికించిండు" అని, సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

పది రోజుల తర్వాత నాకు ఫోనొచ్చింది. ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదలు. వెనక మేకల అరుపులు, ఎవరో పిల్లల గోల. "ఇంటోళ్లు చెప్పాలె అన్నవు గద. గిదిగో" అని ఎవరికో ఇచ్చాడు. రెండు రైళ్లు, ఒక బస్సు మారి దోస్తు ఊరికి వెళ్లాడు, అతని భార్యతో చెప్పించడానికి. ఆవిడ మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది. ఏ నెలలో పోయాడు, ఎట్లా పోయాడు. నేను నా పద్ధతిలో అడుగుతూ పోయాను. ఏం పని చేసేవారమ్మా అంటే, "రంగుల మిల్లుల జేసేటోడు. ఇంటికొస్తే దిండు గూడ రంగయితుండె" అంది.

తర్వాత ఫోన్ ఆయన తీసుకున్నాడు. మాటలు దూరంగా నడిచి వెళ్తూ చెప్పినట్టు వచ్చాయి. "చెప్పిన చెల్లె. మజ్జిగ తాగమన్నది నేనే అని చెప్పిన. ఆమె ఏమనలే. గింత ఎండల వచ్చినవ్ అన్నా అని లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చింది." మేకల అరుపులు దగ్గరయ్యాయి. "గ్లాసు పట్టుకోని కూసున్న. తాగలేకపోయిన."

నేను ఆఫీసు కుర్చీలో కూర్చుని ఏడ్చాను. అద్దంలోంచి ఎవరు చూస్తే నాకేం? ఏడుపు అయ్యాక దోస్తు ఫారం తీసి, చనిపోయినట్టు రాసి, ఇతర కూలి కొట్టేసి, రంగుల మిల్లు అని రాశాను. ఆయన ఫారంలోనూ దిద్దాను. ఆ తర్వాత ఎవరికీ ఇతర కూలి పెట్టలేదు. ఏ పని, ఎన్నేళ్లు, ఎక్కడ, అని విసిగించి రాసుకుంటున్నాను.

ఊరినుంచి వచ్చాక ఆయన ఒక పని పెట్టుకున్నాడు. రోజూ పొద్దున, సాయంత్రం, డ్యూటీ మారేవేళకు మిల్లు గేటు ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడేవాడు. రంగు రంగుల చేతుల మధ్య తెల్ల బట్టల మనిషి. బయటికొచ్చిన వాళ్లను రెండే ప్రశ్నలు అడిగేవాడు. "ఇయాల ఏ లాట్?" "ఒంటేలు ఏ రంగు?" ఎర్ర లాట్ నడిచినా సరే, ఎర్రగా వస్తే ఆస్పత్రికి నడవమనేవాడు. కుర్రాళ్లు ఒంటేలు మాస్టర్ అని పేరు పెట్టారు. "పెట్టనీ చెల్లె. నవ్వుకుంటనన్న చెప్తున్నరు గద" అనేవాడు. కొందరిని రిక్షాలో ఎక్కించి తెచ్చాడు కూడా. చాలామందికి ఏమీ లేదు. ఒకాయనకు మాత్రం దొరికింది, తొలిదశలోనే. ఆరోజు గుమ్మంలో నిలబడి తల ఊపలేదు, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

నాలుగో ఫోన్‌కు "ఉన్న" అని గట్టిగా అరిచాడు. "ఇంకొక్క ఫోన్ చెల్లె. దాని మీద దీపావళికి అయిదేండ్లు దాటిస్త. మీ పచ్చ గీతల నేను నిజంగ బతికినోన్ని అయిత."

ఆ చలికాలంలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి లోతుగా పోయింది, ఆపరేషన్‌కు అందలేదు. వాళ్లన్న ఊరినుంచి వచ్చి తీసుకుపోతానన్నాడు. ఈయన పోనన్నాడు. సంగతి తెలిసి నేను వడోద్ వెళ్లాను. ఆ గదికి వెళ్లడం అదొక్కసారే. ఒకే మంచం, తాడు మీద తెల్ల బట్టలు, గోడకు ఒక షేడ్ కార్డు. అట్ట మీద వరసగా అంటించిన రంగు గుడ్డముక్కలు. ఆ గది మొత్తానికి రంగన్నది అక్కడే ఉంది. కార్డు అడుగున పెన్సిల్‌తో నా ఫోన్ నంబరు.

"ఊరికి పొండి మాస్టారూ" అన్నాను. "అక్కడ మీ అన్నయ్యా, వదినా చూసుకుంటారు. ఇక్కడ మంచినీళ్లిచ్చే దిక్కులేదు."

"ఊరికి పోతే నీకు దొరకను చెల్లె."

"ఫోన్ ఊరికీ వస్తుంది. నేను వదిలిపెడతానా?"

"ఎత్తేటోడు ఉండాలె గద. మా అన్న నంబర్ మారుస్తనే ఉంటడు." ఊపిరి తీసుకున్నాడు. "గిన్నేండ్లు గీడ పనిచేసి, గాడికి పోయి సస్తే, గీడ ఏం కానట్టే గద చెల్లె. నేను గీడనే ఉంట. రాస్కో."

నాకు కోపమొచ్చింది. ఒక గీత కోసం మనిషి దిక్కులేకుండా పడి ఉంటాడా అని అరిచాను. ఆయన నవ్వి, "చెల్లె, ఇయాల చీర జాకెట్ ఒకటే లాట్" అన్నాడు. నేను ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆ పటం చూపించి, ఆచూకీ లేదు అన్న మాట ఆయన చెవిన వేసింది నేనే. నా నోటిదూల కాకపోతే ఆయన తన వాళ్ల మధ్య పోయేవాడు. ఈ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పోనీ మళ్లీ మళ్లీ వెళ్లి చూశానా అంటే, అదీ లేదు. వచ్చే ఆదివారం, పై ఆదివారం అనుకుంటూ ఉండగానే అయిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆయన నంబరు నుంచి ఫోన్. ఎత్తి, "ఉన్నారా?" అన్నాను. వేరే గొంతు. గదిలో ఉండే అతను. "మాస్టర్ పోయిండు మేడం. అందరికన్న ముందు మీకే చెప్పమన్నడు" అన్నాడు. సొంత అన్నకంటే ముందు నాకు. ఫారం తీశాను. తేదీ. కారణం. వృత్తి: రంగుల మిల్లు, కలర్ కిచెన్, ఇరవై ఎనిమిదేళ్లు. పచ్చ గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఒక్క మనిషికి అది కదలదు.

ఇప్పుడు సోమవారం సంగతి. బయట వాన. నంబరు నొక్కాను. చాలాసేపు మోగాక ఎత్తారు. ఆ గది అతనే. తన ఫోన్ పాడయిందని మాస్టర్‌ది వాడుకుంటున్నాడట.

"మీరా మేడం? ఏమన్న కాగితం గావాల్నా?"

పోయినాయనతో మాట్లాడదామని చేశానంటే ఏమనుకుంటాడు? "ఏం లేదు. ఎలా ఉన్నారు?" అన్నాను, పని అలవాటు కొద్దీ.

"బానే ఉన్న మేడం" అన్నాడు. అని ఊరుకున్నాడు. ఫోన్ పెట్టేయలేదు. పాతికేళ్లుగా ఫోన్లో మనుషులను వింటున్నదాన్ని, ఊరుకోవడంలో రకాలు నాకు తెలుసు.

"ఇవాళ ఏ లాట్ నడుస్తోంది?" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

అతను ఉలిక్కిపడినట్టున్నాడు. "నేవీ బ్లూ మేడం. వారం సంది."

"ఒంటేలు ఏ రంగు?"

యాభై ఆరేళ్ల ఆడదాన్ని, ఆఫీసులో కూర్చుని, ముఖం తెలియని మగవాణ్ని అడిగిన మాట. చుట్టూ ఎవరికీ తెలుగు రాకపోవడం మంచిదయింది.

"జర ఎర్రగనే వస్తుంది మేడం" అన్నాడు. "గాని మొన్నటిదాంక మెరూన్ నడిచింది గద. అదే దిగుతుందేమో."

"మాస్టారు మిమ్మల్ని అడగలేదా?"

"రోజూ అడిగేటోడు. అప్పుడు మంచిగనే ఉండె. ఆయన ఆఖరి దినాలల్ల మొదలైంది. ఆయనే మంచంల పడ్డడు, నాది గూడ ఏం చెప్పాలె అని చెప్పలే."

"మెరూన్ కాదు" అన్నాను. "వినండి. మెరూన్ కాదు. ఇప్పుడే బయల్దేరి రండి."

"రేపు డ్యూటీ లేదు మేడం, రేపొస్త."

"రేపు కాదు. ఇప్పుడే. నేను గేటు దగ్గర నిలబడి ఉంటాను. మీరు వచ్చేదాకా అక్కడే ఉంటాను."

ఫోన్లు చేసే మనిషికి గేటుతో పనేమిటని పై ఆఫీసరమ్మ అడిగింది. వచ్చి చెబుతానన్నాను. గొడుగు ఇంట్లో మరిచిపోయాను. కొంగు నెత్తిన కప్పుకుని వానలో గంటకు పైగా నిలబడ్డాను. రిక్షాలు వస్తున్నాయి, మనుషులు దిగుతున్నారు, తడుస్తూ లోపలికి పరుగెడుతున్నారు. అతని ముఖం నేనెప్పుడూ చూడలేదు. ఈ గుంపులో ఎవరని గుర్తుపట్టను? రాడేమోనని భయమేసింది. ఫోన్ తీసి, కంఠతా వచ్చిన ఆ నంబరే మళ్లీ నొక్కాను.

ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఉన్న మేడం" అన్నాడు. "గేట్ కాడనే ఉన్న."